సీషెల్స్: అరవై శాతం నిబంధనే కీలకం

సంపాదక మహాశయులకు నమస్కారం.

హిందూ మహాసముద్రంలోని ద్వీపదేశం సీషెల్స్‌లో ఏకపార్టీ పాలన 1993 జులై ఎన్నికలతో ముగిసిందని మీ పత్రికలో రాశారు. తేదీ సరైనదే. కానీ అంతకు ముందు ఏడాదిన్నర పైగా సాగిన తతంగాన్ని వదిలేస్తే పాఠకుడికి సగమే అర్థమవుతుంది.

1977 జూన్‌లో అధ్యక్షుడు జేమ్స్ మాంచమ్ లండన్‌లో ఉన్న సమయం చూసి, ప్రధాని ఫ్రాన్స్-ఆల్బర్ట్ రెనే మద్దతుదారులు అధికారం చేజిక్కించుకున్నారు. 1979 రాజ్యాంగం రెనే పార్టీ ఎస్‌పీపీఎఫ్ (సీషెల్స్ పీపుల్స్ ప్రోగ్రెసివ్ ఫ్రంట్) తప్ప మరో పార్టీ లేకుండా చేసింది. 1991 డిసెంబరులో ఇతర పార్టీలను అనుమతిస్తామని రెనేయే ప్రకటించారు.

వెంటనే సాధారణ ఎన్నికలు పెట్టి ఉంటే పాత రాజ్యాంగం కిందే జరిగేవి. అలా చేయకుండా, కొత్త రాజ్యాంగం ఎవరు రాయాలో తేల్చడానికి 1992 జులైలో ముందు ఓటింగ్ జరిపారు. ఎస్‌పీపీఎఫ్‌కు 58.4 శాతం, మాంచమ్ డెమొక్రటిక్ పార్టీకి 33.7 శాతం ఓట్లు వచ్చాయి. ఆ లెక్కన రాజ్యాంగం రాసే కమిషన్‌లో వరుసగా 14, 8 సీట్లు దక్కాయి. అధికార పక్షం తన మాటే నెగ్గించుకుంటోందని డెమొక్రటిక్ పార్టీ మధ్యలోనే బయటికొచ్చేసింది. ఎస్‌పీపీఎఫ్ ఒంటరిగా తయారుచేసిన ముసాయిదాకు నవంబరు ప్రజాభిప్రాయ సేకరణలో 53.7 శాతం మంది ఔనన్నారు. కావలసింది 60 శాతం. వీగిపోయింది!

సగానికి ఒక ఓటు ఎక్కువైతే చాలన్న నియమం ఉండి ఉంటే రెనే పార్టీ రాసుకున్నదే దేశానికి రాజ్యాంగమయ్యేది. గడువు పెరిగినా, ప్రతిపక్షాన్ని మళ్లీ కూర్చోబెట్టక తప్పలేదు. రెండో విడత చర్చలు ప్రజల ముందే జరిగాయి, టీవీలో కూడా చూపించారు. 1993 జూన్ 18న 73.9 శాతం ఆమోదం వచ్చింది. నెల తిరగగానే ఎన్నికలు; రెనే 59.5 శాతంతో గెలిచారు, మాంచమ్‌కు 36.7 శాతం.

లోపం ఎక్కడ మిగిలిందంటే సీట్ల లెక్కలో. శాసనసభలో 33 సీట్లు: 22 నియోజకవర్గాలవి, 11 దామాషావి, అంటే పార్టీల ఓట్ల నిష్పత్తిని బట్టి పంచేవి. ఓట్లలో మూడో వంతుకు దగ్గరగా తెచ్చుకున్న డెమొక్రటిక్ పార్టీ 22లో ఒక్కటే గెలిచింది. దామాషాలో 4 వచ్చినా మొత్తం 5 సీట్లే, ఎస్‌పీపీఎఫ్‌కు 27. దామాషా సీట్లను విడిగా పంచారు గానీ, నియోజకవర్గాల్లో జరిగిన నష్టాన్ని పూడ్చేలా కలిపి లెక్కించలేదు. మూడింట రెండొంతులు దాటిన బలం మళ్లీ ఒకే పార్టీ చేతికి వెళ్లడానికి సగం కారణం ఇదే.

ప్రతిపక్ష నాయకుడిగా ఉండి 2020లో అధ్యక్షుడైన వేవెల్ రామ్‌కలావన్ పూర్వీకులది బిహార్ అని మన పత్రికలు తరచూ గుర్తుచేస్తాయి. ఆయన ప్రయాణంలో అంతకన్నా చెప్పుకోవలసినవి 2015 అధ్యక్ష ఎన్నికలో 193 ఓట్ల తేడాతో ఓటమి, మరుసటి ఏడాది ప్రతిపక్ష కూటమికి శాసనసభలో 33కి 19 సీట్లు. బ్యాలెట్ ద్వారా అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి తొలిసారి మారింది మాత్రం 2020లోనే.

ఇలాంటి దేశాల వార్తలు వేసేటప్పుడు గెలిచిన సీట్ల పక్కన ఓట్ల శాతాన్ని, రాజ్యాంగం ఎంత మెజారిటీతో ఆమోదం పొందిందన్న విషయాన్ని కూడా ప్రచురించమని మనవి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం