మా టైగర్‌ని కాలువలోంచి పైకి తెచ్చినవాళ్ళందరికీ

మా కుక్క టైగర్ నిన్న పొద్దున్న ఎవరూ పట్టుకోకుండా మూడు మెట్లూ ఎక్కి, అరుగు మీదకొచ్చి, నాన్నగారి కుర్చీ పక్కన పడుకున్నాడు. కుడి ముందు కాలు ఇంకా కొంచెం ఈడుస్తున్నాడు, కానీ ఎక్కాడు. దానికోసమే ఇన్నాళ్ళూ ఈ పోస్టు రాయకుండా ఆగాను. వాడు నడుస్తాడో లేదో తెలియకుండా థ్యాంక్స్ రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఎదురుపడి చెబుదామంటే మా కోనసీమ మనుషులు నిలబడి వినరు. "దానికేముందండీ" అనేసి సైకిలెక్కి వెళ్ళిపోతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని ఇద్దరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్ళకి తెలుస్తుంది.

జరిగింది మే మొదటి వారంలో. ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఆపేసి, మరమ్మతుల కోసం కాలువలు కట్టేసిన రోజులు. నాన్నగారు ఎప్పటిలాగే తెల్లవారుజామున టైగర్‌ని తీసుకుని కాలువగట్టు మీద నడకకి వెళ్ళారు. మా ఊరి చివర తెల్లదొరల కాలం నాటి వంతెన ఒకటుంది, ఇటుకతో కట్టిన మూడు కమానులది. రెండు పక్కలా నడుమెత్తు పిట్టగోడ. టైగర్ ఏడేళ్ళుగా ఆ వంతెన మీద నడుస్తూనే ఉన్నాడు. ఆ రోజు మధ్య కమాను దాటగానే ఆగిపోయాడట. ముక్కు పైకెత్తి, ఒళ్ళంతా బిగదీసుకుని, పల్లం వైపు గోడ దగ్గరికి రెండడుగులు వేశాడట. నాన్నగారు పిలిచేలోపే గోడ మీద నుంచి అవతలికి దూకేశాడు. మొరగలేదు, భయపడి పరిగెత్తలేదు. "పెరట్లో గోడ దూకినట్టు దూకాడమ్మా" అని నాన్నగారు ఇప్పటికీ అంటారు. అవతల ఉన్నది పెరడు కాదు, మూడు నిలువుల లోతు. నీళ్ళుంటే ఈది గట్టెక్కేవాడు. అడుగున రాళ్ళూ బురదా తప్ప ఏమీ లేవు.

టైగర్ మా అమ్మ తెచ్చిన కుక్క. సంతలో ఎవరో వదిలేసిన పిల్లని చీర కొంగులో చుట్టుకుని తీసుకొచ్చింది. అమ్మ పోయి మూడేళ్ళయింది. నాన్నగారు రోజులో ఎక్కువ మాటలు మాట్లాడేది టైగర్‌తోనే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ పొద్దున్న గట్టు మీదికి వచ్చినవాళ్ళు కాపాడింది కుక్కని ఒక్కదాన్నే అనుకుంటారేమో అని.

మొదట వచ్చింది కొబ్బరి దింపు తీసే అతను. పక్క తోటలో చెట్టు మీదున్నాడట, నాన్నగారి కేక విని దిగొచ్చాడు. గట్టు రాళ్ళు పాచి పట్టి జారుతున్నాయి, మామూలుగా దిగడానికి లేదు. చెట్టెక్కడానికి వాడే తాడుంటుంది కదా, ఆ మోకునే పిట్టగోడకున్న పాత ఇనప కడియానికి కట్టి, దాన్ని పట్టుకుని కిందికి దిగాడు. నొప్పితో ఉన్న కుక్క ఎవరినైనా కరుస్తుంది. టైగర్ కూడా పళ్ళు బయటపెట్టాడు. అతను తొందరపడలేదు. పక్కనే బురదలో కూర్చుని చాలాసేపు ఊరికే మాట్లాడుతూ, మెల్లగా తువ్వాలు మూతికి చుట్టాడు. ఈలోగా చేపలమ్ముకోవడానికి వెళ్తున్న ఒకావిడ బుట్టలోని చేపలన్నీ అరిటాకుల మీద కుమ్మరించి ఖాళీ బుట్ట కిందికి దించింది. ఆ బుట్టలోనే మా వాణ్ణి పైకి లాగారు. అమ్మా, మీ చేపలకి ఆ రోజు ఎండ తగిలింది, బేరం పోయింది. డబ్బులివ్వబోతే మీరు కసిరారు. మీరు కసిరినా సరే, నేను మర్చిపోను.

తర్వాత వైద్యం సంగతి. మొదట తీసుకెళ్ళిన చోట చూడనన్నారు, దాని గురించి ఇంకేమీ రాయను. ఆ తర్వాత దొరికిన డాక్టరమ్మ గారు సెలవు రోజైనా వచ్చి, కట్టు కట్టి, నొప్పికి ఇంజెక్షన్ చేసి, ఎముక విరిగింది, ఆపరేషన్ కావాలని చెప్పి, రాజమండ్రి వాళ్ళతో తనే ఫోన్‌లో మాట్లాడారు. రావులపాలెం మీదుగా ఆ ఎండలో ట్రక్కు ఆటోలో తీసుకెళ్ళిన తమ్ముడు డీజిల్ డబ్బులు తప్ప తీసుకోలేదు. గౌతమి వంతెన మీద గతుకులొస్తే టైగర్ మూలుగుతాడని బండిని నడక వేగంలో నడిపాడు. వెనక లారీలు హారన్లు కొడుతున్నా పట్టించుకోలేదు.

అసలు టెన్షన్ ఇంటికి తిరిగొచ్చాక మొదలైంది.

ఆ వంతెన మీద నుంచి దూకిన కుక్కల్లో టైగర్ మూడోవాడని అప్పుడే తెలిసింది. అంతకుముందు వేసవిలో మా వీధి చివరి వాళ్ళ కుక్క దూకి చచ్చిపోయింది. దానికి ముందు ఎవరిదో వేట కుక్క. మూడూ పల్లం వైపు గోడ మీంచే, మూడూ మధ్య కమాను దాటాకే. ఇంకేముంది, కథలు మొదలయ్యాయి. ఎప్పుడో అక్కడ మునిగిపోయిన ఒకావిడ పిలుస్తోందని, కుక్కలకే కనిపిస్తుందని. చెప్పినవాళ్ళ మీద నాకు కోపం లేదు, కారణం తెలియనప్పుడు మనిషి ఏదో ఒకటి చెప్పుకుంటాడు. కానీ నాన్నగారు నడక మానేశారు. రాత్రిళ్ళు లేచి టైగర్ ఊపిరి తీసుకుంటున్నాడో లేదో చూసేవారు. "ఈసారి దాన్ని పిలిచింది, తర్వాత నన్ను పిలుస్తుందేమో" అని ఒకసారి అన్నారు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ మా పిన్ని కొడుకుకి థ్యాంక్స్ చెప్పాలి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చదువుకుంటున్నాడు. ఫోన్‌లో ఈ సంగతి చెప్పగానే "అక్కా, ఇక్కడా అచ్చం ఇలాంటి వంతెన ఉంది" అన్నాడు. నేను నమ్మలేదు. ఆ వారాంతంలో రైలెక్కి డంబార్టన్ వెళ్ళి, అక్కడి నుంచి నడిచి, వంతెన మీద నిలబడి నాన్నగారికి వీడియో కాల్ చేశాడు.

దాని పేరు ఓవర్‌టన్ వంతెన. 1895లో కట్టిన రాతి వంతెన, కింద లోయలో చిన్న వాగు. లోతు సుమారు 15 మీటర్లు. 1950, 60ల నుంచి అక్కడ కుక్కలు ఉన్నట్టుండి గోడ దూకేస్తున్నాయట. ఎక్కువ సార్లు ఒకే పక్క నుంచి, చాలావరకు ఎండ కాసిన పొడి రోజుల్లో, ఎక్కువగా లాబ్రడార్, కోలీ లాంటి పొడుగు ముక్కు జాతులు. అక్కడా మనలాగే కథలున్నాయి. 1908లో భర్తని పోగొట్టుకున్న ఓవర్‌టన్ దొరసాని తెల్లబట్టల్లో తిరుగుతోందంటారు. నాన్నగారు అది విని "అక్కడ కూడానా" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో భయం కాకుండా ఆసక్తి చూశాను.

జంతువుల ప్రవర్తన చదివిన డేవిడ్ శాండ్స్ అనే ఆయన అక్కడికి వెళ్ళి పరిశీలించారు. కుక్క కళ్ళ ఎత్తు నుంచి చూస్తే మందపాటి రాతిగోడ తప్ప ఏమీ కనిపించదు, అవతల లోయ ఉందని దానికి తెలిసే అవకాశం లేదు. వంతెన కింద ఎలుకలు, ఉడతలు, ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే మింక్ అనే జంతువు ఉన్న జాడలు పక్షుల సంరక్షణ సంస్థకి చెందిన ఒకాయన కనిపెట్టారు. పది కుక్కల ముందు ఈ మూడు వాసనలూ పెడితే ఎక్కువ కుక్కలు మింక్ వాసన వైపే పోయాయట. బొచ్చు కోసం 1929లో అమెరికా నుంచి తెచ్చి పెంచిన ఈ జంతువులు తప్పించుకుని 1950ల నుంచి బ్రిటన్ వాగుల్లో పిల్లల్ని పెట్టడం మొదలుపెట్టాయి. కుక్కలు దూకడం మొదలైంది కూడా ఆ కాలంలోనే. ఆ చుట్టుపక్కల మింకులే లేవని వాదించిన వేటగాడు కూడా ఉన్నాడని మా తమ్ముడు చెప్పాడు. అందరూ ఒప్పేసుకున్న విషయమేమీ కాదు. అయినా మాకు ఒక దారి దొరికింది: పైన కాదు, కింద చూడాలి.

కింద చూసింది మా లస్కరు తాతగారు, అంటే కాలువనీ తూములనీ కనిపెట్టుకునే ఉద్యోగం చేసినాయన. రిటైరై చాలా ఏళ్ళయింది. ఆ కాలువ మీద ఏ తూము ఎక్కడ కారుతుందో ఇప్పటికీ ఆయనకే తెలుసు. నాన్నగారు స్కాట్లాండ్ సంగతి చెబుతుంటే అంతా విని, "ఆయ్, మింకో గింకో మనకి తెలియదు గానండీ, మన కమాను కింద నీటికుక్కలున్నాయి కదా" అన్నారు. నీళ్ళలో ఈది చేపలు పట్టి తినే ఆటర్లనే మేము నీటికుక్కలంటాం.

పొద్దున్నే నన్నూ తీసుకెళ్ళారు. పల్లం వైపు, మధ్య కమాను పక్కనే గట్టు రాళ్ళు ఊడి ఒక బొరియ ఉంది. దాని ముందు చదునైన రాయి మీద చేప పొలుసులు, పీత పెంకు ముక్కలు కలిసిన విసర్జన. కొంత పాతది, కొంత అప్పటిది. నీటికుక్కలు గుంపంతా ఒకే చోట విసర్జిస్తాయట, ఈ జాగా మాది అని వాసనతో రాసిపెట్టుకోవడం అది. కోరంగి మడ అడవుల్లో ఇవి ఉంటాయని తెలుసు కానీ మా ఊరి కాలువలో ఉన్నాయని నాకు తెలియదు. మింకూ ఇవీ ఒకే కుటుంబానికి చెందిన జంతువులని తర్వాత డాక్టరమ్మ గారు చెప్పారు.

వేసవిలోనే ఎందుకన్నది కూడా తాతగారే విడమర్చారు. కాలువ కట్టేస్తే నీళ్ళు మడుగుల్లో మిగులుతాయి. చేపలన్నీ ఆ మడుగుల్లోకి చేరతాయి. వంతెన కింద మడుగు పెద్దది కాబట్టి నీటికుక్కలు అక్కడ మకాం వేస్తాయి. నీళ్ళు పారేటప్పుడు కొట్టుకుపోయే వాసన అప్పుడు ఎండు రాళ్ళ మీద నిలిచిపోతుంది. ఆపైన పల్లం వైపు గట్టు మీది కానుగ కొమ్మలు పిట్టగోడ ఎత్తుకి పెరిగాయి. కుక్క ఎత్తులో వంగి చూశాను. అవతల నేలా పొదా ఉన్నట్టే అనిపించింది. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలుంటే కుక్కకి 20 కోట్ల పైనే ఉంటాయని డాక్టరమ్మ గారన్నారు. అంత ముక్కున్నవాడికి అంత ఘాటైన కొత్త వాసన, ముందు నడుమెత్తు గోడ. దూకక ఏం చేస్తాడు?

మా వీధి పిల్లలు ఇంకో పని చేశారు. మూడు బాదం ఆకుల మీద చేప తల, ఎలుక బొరియ మట్టి, ఆ రాయి మీది విసర్జన విడివిడిగా పెట్టి, ఊరి కుక్కల్ని తాళ్ళతో పట్టుకుని ఒక్కొక్కదాన్నే వదిలారు. అయిదింటిలో నాలుగు చేప తలని కూడా వదిలేసి మూడో ఆకు దగ్గరికి పోయాయి. ఒకటైతే దాని మీద పడి దొర్లింది. ఇది శాస్త్రం అని నేననను. కానీ నాన్నగారు అరుగు మీద నుంచి మొత్తం చూశారు. ఆ రాత్రి నిద్రపోయారు. పిల్లలూ, మీరు ఆడుకుంటూ చేసిన ఆ పని మా ఇంటికి ఎంత మేలు చేసిందో మీకు తెలియదు.

కారణం తెలిశాక కొందరు బొరియలో మందు పెట్టేద్దామన్నారు. నీటికుక్కలు వలలు చింపుతాయి, చెరువుల్లో చేపలు తింటాయి, చేపల రైతుల బాధ నేను కాదనను. అప్పుడు అడ్డు నిలబడింది లస్కరు తాతగారే. "అవి ముందు నుంచీ ఇక్కడే ఉన్నాయండీ. గోడ మనది, కుక్క మనది. సరిచేసుకోవాల్సింది మనమే" అన్నారు. వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని చంపడం నేరమని డాక్టరమ్మ గారు కూడా వచ్చి చెప్పారు. మాట విన్నవాళ్ళకి కూడా నా నమస్కారం.

ఆ తర్వాత కుర్రాళ్ళు చందాలేసుకుని పల్లం వైపు పిట్టగోడ మీద ఇనప జాలీ బిగించారు, కానుగ కొమ్మలు నరికారు. ఓవర్‌టన్ వంతెన దగ్గర కుక్కని తాడుతో పట్టుకోమని బోర్డు ఉంది, మా తమ్ముడు దాని ఫోటో పంపాడు. అది చూసి మన బడి డ్రాయింగ్ మాస్టారు రెండు వైపులా బోర్డులు రాశారు: "కుక్కని తాడుతో పట్టుకుని దాటించండి". జూన్‌లో కాలువలు వదిలారు, ఇప్పుడు వంతెన కింద నిండుగా నీళ్ళు పారుతున్నాయి. నాన్నగారు మళ్ళీ నడకకి వెళ్తున్నారు, ఇంకా వంతెన దాకా వెళ్ళడం లేదు. వెళ్తారు.

చివరగా ఒక్క సాయం. టైగర్‌ని పైకి లాగేటప్పుడు దింపు తీసే అతని మోకు గోడ అంచుకి ఒరుసుకుని పేలికలైపోయింది. ఆ పని చేసేవాళ్ళకి మోకు అంటే ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. కొత్తది పేనించి మా అరుగు మీద పెట్టాం. రెండుసార్లు కబురు చేసినా "ఎందుకండీ" అని రాలేదు. ఇప్పుడు ముక్తేశ్వరం వైపు తోటల్లో పని చేస్తున్నాడని విన్నాను. అతనెవరో మీకు తెలిస్తే దయచేసి చెప్పండి, మోకు అతని కోసమే ఉంది, టైగర్ దాని పక్కనే పడుకుంటున్నాడు.