వెల్లుల్లి రెబ్బ లోపల పెట్టుకోమంటారా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మహిళల పేజీలో తెల్లబట్టకు ఇంటి చిట్కాలు వేశారు. చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. వేపాకు కషాయంతో లోపల కడుక్కోవాలట, పటిక నీళ్ళు వాడాలట, వెల్లుల్లి రెబ్బ రాత్రంతా లోపల ఉంచుకోవాలట. రాసినవారు డాక్టరో కాదో ఎక్కడా లేదు.

మా చెల్లెలు ఇలాంటి చిట్కా చదివే వెల్లుల్లి పెట్టుకుంది. తెల్లారేసరికి లోపలంతా కమిలిపోయి, మూత్రానికి వెళ్ళాలంటే ఏడ్చేది. సిగ్గుతో నాలుగు రోజులు నాకు కూడా చెప్పలేదు. తీరా పరీక్ష చేయిస్తే అది తను అనుకున్నట్టు ఫంగసే కాదు, బ్యాక్టీరియల్ వెజినోసిస్, అంటే యోనిలోని బ్యాక్టీరియా సమతుల్యం తప్పడం. దానికి వాడే మందులే వేరు! ఇలా పొరబడేది తనొక్కతే కాదు. 2002లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో, ఫంగస్ అనుకుని సొంతంగా మందు కొనుక్కున్న 95 మందిని పరీక్షిస్తే, నిజంగా ఫంగస్ ఒక్కటే ఉన్నది మూడో వంతు మందికే.

యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా ఉంటుంది. అది చేసే లాక్టిక్ ఆమ్లం వల్లే పీహెచ్ (పులుపుదనం కొలత; ఎంత తక్కువైతే అంత ఆమ్లం) 3.8 నుంచి 4.5 మధ్య నిలబడి, చెడ్డ క్రిములు పెరగవు. లోపల కడిగితే ఆ రక్షణే దెబ్బతింటుంది. అసలు తెల్లబట్ట కొంత అవ్వడం మామూలే. వాసన, దురద, మంట, రంగు మారడం ఉంటేనే పరీక్ష కావాలి. మీ వ్యాసంలో ఈ ఒక్క ముక్క కూడా లేదు.

వెల్లుల్లి, టీ ట్రీ నూనె ఫంగస్‌ను చంపుతాయని సైన్స్ తేల్చిందని రాశారు. తేలింది ల్యాబ్‌లో, గాజు పళ్ళెంలో. ఆడవాళ్ళకు వెల్లుల్లి మాత్రలు ఇచ్చి చూసిన ట్రయల్‌లో యోనిలోని ఫంగస్ తగ్గినట్టు తేలలేదు. మొక్కల మందులంటే నాకు పడక కాదు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ మొక్క నుంచే వచ్చింది, కానీ పరీక్షలన్నీ దాటాకే రోగి చేతికొచ్చింది. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ పరీక్షలు ఎవరికీ గుర్తుండవు.

'సహజం' అని ముద్ర వేసి వాష్‌లు, జెల్‌లు అమ్ముతుంటే అధికారులు ఏం చేస్తున్నారు? డబ్బా మీద రాసిన మాటకు ఆధారం చూపించమని అడగడానికి ఇంకెంతమంది ఒళ్ళు కాల్చుకోవాలి? మీరైనా, పేజీ అంతా యోని గురించి రాస్తూ ఆ మాట ఒక్కసారి కూడా వాడలేదు, 'ఆ భాగం' అన్నారు. పత్రికే పేరు పలకడానికి సిగ్గుపడితే మా చెల్లెలు డాక్టరుకు ఎలా చెప్పుకుంటుంది?

అదే పేజీలో, అంతే స్థలంలో, ఒక గైనకాలజిస్టు చేత జవాబు రాయించి వేయండి. వెల్లుల్లి సంగతి మొదటి వాక్యంలోనే ఉండాలి.

– ఒక పాఠకురాలు