ఐడీ ఆపింది ఎవరు?

సంపాదకులకు,

యాప్‌ల ద్వారా డెలివరీలు, ట్రిప్పులు చేసే గిగ్ పని అనగానే అందరూ ఆదాయం సంగతే ఎత్తుతారు, నాకు మాత్రం అంతకంటే పెద్ద టెన్షన్ యాప్‌లో పనిచేసేవాళ్ల ఖాతా, అంటే ఐడీ, బ్లాక్ కావడమే అనిపిస్తుంది. ఎవరో కస్టమర్ ఫిర్యాదు పెడతాడు, నిజమో కాదో చూసేవాళ్లుండరు, తెల్లారి యాప్ తెరిస్తే లాగిన్ అవదు, అడిగితే 'మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది' అని అదే మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తుంది. ఈలోగా బండి వాయిదా ఆగదు కదా!

రేటు, రూటు, రేటింగ్ అన్నీ కంపెనీ చేతిలోనే, కాగితం మీద మాత్రం పనిచేసేవాడు ఉద్యోగి కాదు, స్వతంత్ర కాంట్రాక్టర్. ఆర్డర్ కోసం రోడ్డు పక్కన ఎదురుచూసే టైముకు చాలాచోట్ల పైసా రాదు. పెట్రోలు, రిపేరు సొంత ఖర్చే. 2021లో ఊబర్ డ్రైవర్ల కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఈ స్వతంత్ర కాంట్రాక్టర్ వాదనను ఒప్పుకోలేదు. డ్రైవర్ తనకు అనుమతి ఉన్న ప్రాంతంలో యాప్ ఆన్ చేసుకుని ట్రిప్పులకు సిద్ధంగా ఉన్న సమయమంతా పని సమయమేనని, కనీస వేతనం, జీతంతో కూడిన సెలవు ఇవ్వాల్సిందేనని తేల్చింది. 2024లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఆదేశమైతే ఖాతా మూసే నిర్ణయం మనిషే తీసుకోవాలని, కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలని అంటోంది.

రక్షణలు ఇస్తే స్వేచ్ఛ పోతుందని కంపెనీలంటాయి (వరసగా ఆర్డర్లు వద్దంటే ఏమవుతుందో చేసేవాళ్లనే అడగండి). ఇష్టమైన వేళల్లో పనిచేయడానికీ ప్రమాద బీమాకీ పోటీ ఎక్కడుంది? ఐడీ ఆపేముందు నోటీసు, ఫోన్ ఎత్తే ఒక మనిషి, అప్పీలుకు గడువు, ముందు ఇవైనా చట్టంలో పెట్టమనండి.

- ఒక పాఠకుడు