కోడ్‌పై డాక్టరుతో పేచీ వస్తే ఏం చేయాలో కూడా నేర్పండి

సంపాదకులకు,

అయ్యా,

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో ఏ కూడలిలో చూసినా మెడికల్ కోడింగ్ శిక్షణ కేంద్రాల ఫ్లెక్సీలే కనిపిస్తున్నాయి. బీఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివిన మన పిల్లలు వాటిలో చేరి, తర్వాత చెన్నైకో హైదరాబాదుకో వెళ్లి అమెరికా ఆసుపత్రుల కేస్ షీట్లకు కోడ్‌లు వేస్తున్నారు, అంటే రోగి జబ్బునూ, జరిగిన చికిత్సనూ బిల్లు కోసం నిర్ణీత సంకేతాలుగా మారుస్తున్నారు. కోడ్ పుస్తకం తిరగేయడం ఈ కేంద్రాలు బాగానే నేర్పుతున్నాయి గానీ, డాక్టరు కోరిన కోడ్‌కు కేస్ షీట్‌లో ఆధారం దొరకనప్పుడు ఏం చేయాలన్నది మాత్రం నేర్పడం లేదు. ఈ రంగంలోనే ఆడిటర్‌గా ఉంటూ కొత్తవారి ఫైళ్లు రోజూ చూస్తున్నాను గనుక ఈ మాట రాస్తున్నాను.

కొత్తవారిలో కొందరు ‘డాక్టరు కంటే మనకు తెలుసా’ అని చెప్పిన కోడ్ వేసేస్తారు. మరికొందరు నిబంధన సంఖ్య ఒకటి పట్టుకుని, గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటారు. రోగికి ఉన్న జబ్బేమిటో తేల్చే అధికారం డాక్టరుదే. ఆయన రోగ నిర్ధారణ రాశాక, ల్యాబ్ రిపోర్టు చూసి ‘ఆ జబ్బు లేదు’ అనే హక్కు కోడర్‌కు (కోడ్‌లు వేసే ఉద్యోగికి) లేదని ఐసీడీ-10-సీఎం (అమెరికాలో జబ్బులకు వాడే కోడ్‌ల పట్టిక) మార్గదర్శకాలే చెబుతున్నాయి. నిర్ధారణకు తగిన లక్షణాలు కేస్ షీట్‌లో కనిపించకపోతే ఆ సందేహాన్ని ముందు డాక్టరునే రాతపూర్వకంగా అడిగి, తేలకపోతే ఆసుపత్రి నిబంధనల ప్రకారం వైద్య సలహాదారు వంటి పై వారికి పంపాలి తప్ప, కోడర్ తనంతట తాను కోడ్ తీసేయకూడదు. అదేవిధంగా, డాక్టరు మనసులో ఉండి కాగితం మీద లేనిదానికి కోడ్ వేసే వీలూ లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. డాక్టర్లు తరచుగా ‘యూరోసెప్సిస్’ అని రాస్తుంటారు. ఈ మాటకు నేరుగా వేసే కోడ్ ఏదీ లేదు, దీన్ని సెప్సిస్‌గా (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ప్రభావం చూపి ప్రాణాపాయంగా మారే స్థితి) భావించకూడదు, తప్పనిసరిగా డాక్టరునే అడగాలి అని అవే మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నాయి. మూత్రనాళ ఇన్ఫెక్షన్ మాత్రమే అయితే ఎన్39.0, సెప్సిస్ అయితే ఏ41.9 వంటి కోడ్ వస్తాయి; రెండింటికీ ఆసుపత్రికి వచ్చే డబ్బులో చాలా తేడా ఉంటుంది. ‘సెప్సిస్ అని రాయగలరా?’ అని అడిగితే అది జవాబు నోట్లో పెట్టడమే అవుతుంది. జ్వరం ఎంత, తెల్ల రక్తకణాలు ఎన్ని, కల్చర్ (సూక్ష్మక్రిముల) పరీక్షలో ఏం వచ్చింది అన్నవి తేదీలతో సహా పేర్కొని, ‘మూత్రనాళ ఇన్ఫెక్షన్ మాత్రమే, దాని వల్ల వచ్చిన సెప్సిస్, మరేదైనా, నిర్ధారించలేం’ అన్న నాలుగు అవకాశాలూ ఇచ్చి, డబ్బు ప్రస్తావన ఎక్కడా లేకుండా అడగడమే సరైన క్వెరీ (డాక్టరుకు రాతపూర్వకంగా పంపే ప్రశ్న). ఇలా అడిగితే చిరాకుపడే డాక్టర్లను నేను తక్కువగానే చూశాను.

డాక్టరు మాటే సరైనదయ్యే సందర్భాలూ తక్కువేం కాదు. అవుట్ పేషెంట్ విజిట్లకు 2021 జనవరి నుంచి వైద్య నిర్ణయం ఎంత క్లిష్టమైనదన్నదాన్ని బట్టి గానీ, ఆ రోజు డాక్టరు వెచ్చించిన మొత్తం సమయాన్ని బట్టి గానీ బిల్లు స్థాయి నిర్ణయిస్తున్నారు. ఇదివరకే చూపించుకుంటున్న, షుగరు, బీపీ రెండూ అదుపులో ఉన్న రోగికి మందులు కొనసాగించినా 99214 అనే విజిట్ కోడ్ వస్తుంది. ‘రోగి బాగానే ఉన్నాడు కదా’ అని కోడర్ ఒక మెట్టు కిందిదైన 99213కు తగ్గిస్తే ఆ పొరపాటు కోడర్‌దే. పాత పుస్తకాలతో పాఠాలు చెప్పే కేంద్రాలకు ఈ సంగతి తెలుసో లేదో!

అన్నీ వివరించాక కూడా డాక్టరు ఆధారం లేని కోడ్‌కే పట్టుబడితే వాదన పెంచకుండా, జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ జతచేసి ఆసుపత్రి కంప్లయన్స్ విభాగానికి (నిబంధనల అమలు చూసే విభాగానికి) పంపాలి. డాక్టరు మరిచిపోయిన విషయాన్ని తేదీ, సంతకంతో అనుబంధంగా చేర్చవచ్చు గానీ, బిల్లు పెంచడం కోసం పాత నోట్స్ దిద్దడం కుదరదు. తెలిసి తెలిసి తప్పుడు క్లెయిము పంపితే ఏమవుతుందో చెప్పే చట్టం అమెరికాలో 1863 నుంచీ ఉంది.

ఇందులో సంస్థల తప్పూ లేకపోలేదు. క్వెరీకి వెళ్లిన ఫైలు ఆ రోజు టార్గెట్‌లోకి రాకపోతే, ఏ కోడర్ అయినా అడగడం మానేసి ఊహించి వేయడానికే మొగ్గు చూపుతాడు. ఫైలు పెండింగులో ఉన్నా, క్వెరీ రాసిన శ్రమను లెక్కలోకి తీసుకోవాలి.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్యాకేజీ కోడ్‌లతో అనుమతులకు పంపే మన జిల్లాల ఆసుపత్రుల్లోనూ, ఏ ప్యాకేజీ పెట్టాలన్న సందేహం ఫోన్‌లో నోటిమాటగా తేలిపోకుండా కాగితం మీద నడిస్తే మంచిది. శిక్షణ కేంద్రాల వారు కోర్సు చివర్లోనైనా, రోగి వివరాలు తొలగించిన కేస్ షీట్లు ఇచ్చి విద్యార్థుల చేత క్వెరీలు రాయించి, దిద్ది ఇవ్వాలని, ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు ఈ విషయం అడిగి తెలుసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మెడికల్ కోడింగ్ ఆడిటర్,
కావలి, నెల్లూరు జిల్లా