ట్రైనీలకి డ్రాయింగ్ క్లాసు కూడా లెక్కలో వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ట్రైనీ టీచర్లకి పిల్లల ముందు నోరు పెగలట్లేదని అందరూ అంటుంటే ఇది రాయాలనిపించింది. నేను బీఈడీ సెకండియర్, బయాలజీ మెథడాలజీ, ఇప్పుడు ఓ జడ్పీ హైస్కూల్లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నా. నాకు ధైర్యం వచ్చింది మాత్రం డ్రాయింగ్ పీరియడ్‌లోనే.

బయాలజీలో అయితే లెసన్ ప్లాన్ ఉంటుంది, తడబడినా ఎవరితోనో ఓ పేరా చదివించేసి గట్టెక్కొచ్చు. డ్రాయింగ్‌లో అవేం కుదరవు, "గీసి చూపించండి టీచర్" అని ఏడో తరగతి మొత్తం ఒకేసారి అరిస్తే గీయాల్సిందే, చెయ్యి వణికిందంటే అది లాస్ట్ బెంచీ వాడిక్కూడా తెలిసిపోతుంది. ఈ స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు ఉండటం నా అదృష్టం (చాలాచోట్ల ఆ పోస్టే లేదు). బోర్డుకి అతుక్కుపోకమ్మా, పక్కకి జరిగి చెయ్యి చాపి గీయి, పిల్లలకి నీ వీపు కాదు గీత కనపడాలి అన్నారు. నీకు బాగా వచ్చిందేదో దాంతోనే మొదలుపెట్టు అని కూడా అన్నారు.

నాకు వచ్చింది ముగ్గు. బోర్డు మీద 7 చుక్కలు, సందు చుక్క 4 వరకు పెట్టి, సగం నేను కలిపి మిగతా సగం పిల్లల్ని కలపమన్నా. ముగ్గులు ఆడపిల్లలవి టీచర్ అన్నవాడే ముందొచ్చి తామర రేకుల్ని చేపలు చేసేశాడు, క్లాసంతా గొడవ, కానీ సౌష్టవం అంటే ఏంటో ఆ రోజు వేరే చెప్పక్కర్లేకపోయింది. తర్వాత రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఓ గుడిసె వేస్తే ఒప్పుకోనని చెప్పి బయటున్న బోరింగు పంపు చూసి గీయమన్నా, నేనూ వాళ్ళతో కూర్చుని గీశా. ఇప్పుడు గుండె పాఠానికి చార్టు తగిలించట్లేదు, మాట్లాడుతూనే బోర్డు మీద గీసేస్తున్నా.

కానీ ఈ క్లాసులేవీ నా రికార్డులోకి ఎక్కవు. టీచర్ ట్రైనింగ్ కోర్సుల్ని చూసే ఎన్‌సీటీఈ 2014 రూల్స్ ప్రకారం బీఈడీలో 20 వారాలు స్కూళ్ళలో ఉండాలి, కళల మీద పేపరూ ఉంది, దాన్ని మాత్రం కాలేజీలోనే చార్టులు అంటించి ముగించేస్తాం. పదో తరగతి దాకా ఆర్ట్ తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలని స్కూలు చదువులకి జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం, అదే ఎన్‌సీఎఫ్ 2005లోనే ఉంది మరి. డ్రాయింగ్ మాకెందుకు అనే తోటి ట్రైనీలకి ఒక మాట, బ్రిటిష్ కాలంలో రాజమండ్రిలో ఉన్న కూల్డ్రే దొర డ్రాయింగ్ టీచరేం కాదు, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్, అయినా ఆయన పట్టించుకోబట్టే కదా చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్ దాకా వెళ్ళింది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ 20 వారాల్లో వారానికో డ్రాయింగ్ పీరియడ్ లెక్కలో వేసి, అబ్జర్వేషన్‌కి దగ్గర్లో ఉన్న డ్రాయింగ్ మాస్టార్లని కూర్చోబెట్టండి. తొమ్మిదో తరగతి డ్రాయింగ్ పీరియడ్‌ని మ్యాథ్స్ వాళ్ళు లాక్కోకుండా చూస్తే ఇంకా మంచిది.

- ఒక బీఈడీ ట్రైనీ, కృష్ణా జిల్లా