డబ్బా మీద పేరు చూసి భయపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

క్రీముల్లో కాస్టిక్ సోడా ఉంది, వాటికి బదులు నిమ్మరసం రుద్దుకోండి అంటూ గత ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. మురుగు గొట్టాల్లో పోసే మందునే ముఖానికి పూస్తున్నారని అచ్చువేసే ముందు ఒక్క లెక్చరర్‌నైనా అడగవలసింది.

జెల్‌ను చిక్కబరిచే కార్బోమర్ పొడి నీళ్లలో కలిపితే ఆమ్లగుణంతో, పల్చగా ఉంటుంది. నాలుగు చుక్కల కాస్టిక్ సోడా ద్రావణం పడగానే గాజు కడ్డీ తిరగనంతగా బిగుసుకుంటుంది. ప్రయోగశాలలో ఎన్నోసార్లు చేసి చూపాను. వేసిన క్షారం ఆ ఆమ్లంతో కలిసి లవణమూ నీరూ అయిపోతుంది. పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) మరీ పెరిగితే సిట్రిక్ ఆమ్లంతో దించుతారు. మన చర్మం పీహెచ్ సుమారు 5, మామూలు సబ్బుది 9, 10 మధ్య. ఒక్క అంకెకు పది రెట్ల తేడా. క్రీము చెడకుండా వేసే బెంజోయిక్ ఆమ్లం బూజును ఆపాలన్నా క్రీము పీహెచ్ తక్కువగా ఉండాల్సిందే.

ప్రమాదం అసలే లేదనను. జుట్టును సాపు చేసే కొన్ని మందుల్లో ఇదే క్షారం ఎక్కువ మోతాదులో ఉండి మాడు కాలుస్తుంది. చర్మం పైపొరను ఒలిచేందుకు క్రీముల్లో వేసే గ్లైకాలిక్ ఆమ్లం 10 శాతం మించకూడదని, పీహెచ్ 3.5 కంటే దిగకూడదని అమెరికా నిపుణులు ఏనాడో చెప్పారు. రాయవలసిన ఈ సంగతులు వదిలేసి నిమ్మరసం రుద్దుకోమంటారా? దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. మా ఎదురింటి అమ్మాయి నిరుడు నిమ్మచెక్క రుద్దుకుని ఎండలో మిద్దె మీద వడియాలు పెట్టింది. బుగ్గలు బొబ్బలెక్కాయి. వాటి గోధుమరంగు మచ్చలు దసరా దాకా పోలేదు.

అధికారుల సంగతి మరీ బాధ. 2020 కాస్మెటిక్స్ నియమాలున్నా, మా సంతలో తయారీదారు చిరునామా లేని తెల్లబరిచే క్రీములు బుట్టల్లో అమ్ముతున్నారు. వాటిలో పాదరసం ఉందో లేదో చూసే నాథుడు లేడు. చిరునామా ఉన్న డబ్బాల మీదేమో ఆవగింజంత ఇంగ్లీషు అక్షరాలు. పదో తరగతిలో పీహెచ్ పాఠం చదివి మార్కులు తెచ్చుకున్న పిల్లలే ఆ పేర్లకు బెదురుతున్నారు. మనం చెప్పిన చదువు ఎక్కడికి పోయింది?

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. నిమ్మరసం మాట ముందు వెనక్కి తీసుకోండి. ఎండలు ఇంకా తగ్గలేదు.

– విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి