భాషాశాస్త్ర పరిశోధన పత్రం రాయడాన్ని పాఠంగా చెప్పాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మన విశ్వవిద్యాలయాల్లో తెలుగు, భాషాశాస్త్ర శాఖల పరిశోధక విద్యార్థులు ఊరూరా తిరిగి సేకరించిన మాండలిక సామగ్రిలో చాలా భాగం పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాల అట్టల మధ్యనే ఉండిపోతోంది. అది ఒక మంచి జర్నల్‌కు పంపదగిన పత్రంగా మారకపోవడానికి కారణం ఆ పిల్లల తెలివిలో లోపం కాదు. పత్రాన్ని సిద్ధం చేసే పనిని మనం ఎక్కడా పాఠంగా చెప్పకపోవడమే అసలు కారణమని ముప్పై ఏళ్లు ఈ సబ్జెక్టు బోధించిన అనుభవంతో చెప్పదలచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

సిద్ధాంతగ్రంథం సమర్పించే ముందు కనీసం ఒక పత్రమైనా అచ్చు కావాలన్న నిబంధన 2016 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నియమావళిలో ఉండేది. 2022 నియమావళి దాన్ని తొలగించింది. నమ్మదగిన జర్నళ్లను గుర్తించడానికి 2018లో తలపెట్టిన కేర్ జాబితాను కూడా 2025లో నిలిపివేసి, ఆ నిర్ణయాన్ని విశ్వవిద్యాలయాలకే వదిలిపెట్టారు. నిర్బంధం పోవడం నా దృష్టిలో మంచిదే. అయితే ఏది మంచి జర్నల్, ఏది డబ్బు కట్టించుకుని అచ్చు వేసే దుకాణం అన్నది ఇప్పుడు విద్యార్థి, గైడు తేల్చుకోవలసి ఉండగా, ఆ తేల్చుకునే శక్తిని విద్యార్థికి ఇచ్చే ఏర్పాటు మాత్రం ఏదీ జరగలేదు. నాకు తెలిసిన ఒక విద్యార్థిని రెండేళ్ల శ్రమను డబ్బు కట్టి ఒక పత్రికకు ఇస్తే, మూడు రోజుల్లో ధ్రువపత్రం చేతికి వచ్చింది. ఆమె పత్రాన్ని ఎవరూ చదవలేదన్న సంగతి ఆమెకు ఆ తర్వాతే అర్థమైంది. ఒకసారి అచ్చయిన దాన్ని మరో జర్నల్ తీసుకోదు కనుక ఆ సామగ్రి అక్కడే సమాధి అయింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు బాధ కలుగుతుంది.

మంచి చోట్లు లేక కాదు. భారత భాషాశాస్త్ర సంఘం వారి ఇండియన్ లింగ్విస్టిక్స్ 1931 నుంచి, తిరువనంతపురం కేంద్రంగా ఉన్న ద్రావిడ భాషాశాస్త్ర సంఘం వారి ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ద్రవిడియన్ లింగ్విస్టిక్స్ 1972 నుంచి ఉన్నాయి. పంపే ముందు అలాంటి పత్రిక పాత సంచికలు నాలుగైదు తిరగేస్తే, అక్కడ ఏ రకం ప్రశ్నలకు చోటు ఉందో, ఎంత సామగ్రి అడుగుతారో, ఉదాహరణలు ఎలా ఇస్తారో తెలిసిపోతుంది. ఆచరణలో మాత్రం సిద్ధాంతగ్రంథంలోని మూడో అధ్యాయాన్ని యథాతథంగా కోసి, పైన ఒక సారాంశం అతికించి పంపడమే ఎక్కువగా చూశాను.

అధ్యాయం వేరు, పత్రం వేరు. పత్రానికి ఒకే ప్రశ్న ఉండాలి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1978లో అమెరికా భాషాశాస్త్ర సంఘం వారి లాంగ్వేజ్ పత్రికలో ప్రచురించిన పత్రాన్ని నేను తరగతిలో ప్రతి ఏడూ చదివించేవాణ్ణి. తమిళంలో ‘ఇరండు’ అన్నది తెలుగులో ‘రెండు’ అయింది, ‘ఉరల్’ అన్నది ‘రోలు’ అయింది. మాట మొదట రాకూడని ధ్వనులు ఇలా ముందుకు జరగడం తెలుగు, గోండి, కొండ, కువి మొదలైన భాషల్లో ఒక్కసారిగా జరిగిందా, లేక మాట తర్వాత మాటకు, భాష నుంచి పక్క భాషకు మెల్లగా పాకిందా? ఆ పత్రమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టే నడుస్తుంది. మెల్లగానే పాకిందని సామగ్రితో చూపిస్తుంది. అంత గొప్ప పత్రం అందరూ రాయలేకపోవచ్చు గాని, తన ప్రశ్నను ఒక్క వాక్యంలో చెప్పగలగడం ప్రతి విద్యార్థికీ సాధ్యమే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఉదాహరణ వాక్యాల దగ్గర. తెలంగాణ పల్లెలో ఒక పెద్దాయన ‘వచ్చిండు’ అని చెబితే, రాయలసీమలో ఒకామె ‘వచ్చినాడు’ అని చెబితే, మన విద్యార్థి చేయి తెలియకుండానే ‘వచ్చాడు’ అని దిద్దేస్తుంది. చిన్నప్పటి నుంచి కాగితం మీద అదే ఒప్పు అని నేర్పాం కదా. భూతకాల రూపాల మీద రాస్తున్న పత్రంలో ఆ ఒక్క దిద్దుబాటుతో సామగ్రి అంతా పనికిరాకుండా పోతుంది. విన్నది విన్నట్టు రాయాలి. ఎవరి నోట, ఏ ఊళ్లో, ఏ వయసువారి నుంచి విన్నదో రాయాలి. వారి అనుమతి తీసుకున్నట్టు చెప్పాలి.

ఆ తర్వాత దాన్ని తెలుగు రానివారికి అర్థమయ్యేట్టు విడదీసి చూపాలి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో రూపొందిన పది సూత్రాల పద్ధతిని ఇప్పుడు ప్రపంచమంతటా చాలా జర్నళ్లు పాటిస్తున్నాయి. మొదటి వరుసలో వాక్యం, దాని కింద ప్రతి మాటకూ ప్రతి ప్రత్యయానికీ సరిగ్గా ఎదురుగా అర్థం, మూడో వరుసలో మొత్తం వాక్యానికి అనువాదం ఇవ్వాలి. ‘నాకు తెలుగు వచ్చు’ అనే చిన్న వాక్యాన్నే తీసుకుంటే, ‘నా’ వేరుగా, చతుర్థి ప్రత్యయం ‘కు’ వేరుగా చూపి, ‘వచ్చు’ క్రియ అసలు అర్థమేమిటో కిందనే చెప్పాలి. లేకపోతే భాష తెలిసిన మనిషి కర్తగా ప్రథమా విభక్తిలో కాకుండా ‘కు’ చేర్చుకుని ఎందుకు వస్తున్నాడన్న, ఆ వాక్యంలోని అసలు విశేషమే పరాయి పాఠకుడికి కనిపించదు. తెలుగులో సంధులు ఈ పనిని మరింత కష్టం చేస్తాయి. ‘ఇంటికెళ్ళాడు’ అన్నప్పుడు ఎక్కడ విడదీయాలో, విడదీసినప్పుడు ఏ అచ్చు పోయిందో నిర్ణయించుకుని, పత్రమంతా అదే పద్ధతి పాటించాలి. ఇది సాధన మీద గాని రాదు.

లిపి సంగతీ అంతే. సంస్కృతానికి వాడే రోమన్ పద్ధతిలో ఏకార ఓకారాలు ఎప్పుడూ దీర్ఘాలే కనుక వాటి మీద గీత పెట్టరు. అదే పద్ధతిని తెలుగుకు వాడితే ‘మెడ’కూ ‘మేడ’కూ తేడా పోతుంది. భారతీయ లిపులను రోమన్‌లో రాయడానికి 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ తేడాను చూపుతుంది. ఇక డీటీపీ సెంటర్లో పాత అను ఫాంట్లలో టైపు చేయించిన పత్రం జర్నల్ కంప్యూటర్‌లో తెరుచుకునేసరికి అక్షరాలన్నీ చెదిరిపోతాయి. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు చెదరకుండా ఉంచే యూనికోడ్‌లో టైపు చేయాలన్న చిన్న జాగ్రత్త మొదటి రోజే చెబితే సరిపోతుంది.

పత్రం తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఎవరూ చెప్పని మరో పాఠం. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాయలసీమ మాటల్లోని క్రియారూపాల మీద నేనొక పత్రం రాసి పంపాను. జర్నల్ తరఫున దాన్ని పరిశీలించిన, పేరు తెలియని సమీక్షకుడు రెండున్నర పుటల వ్యాఖ్యలు రాశారు. ఈ వాక్యాలు ఏ ఊరివి, ఎంతమంది చెప్పారు, రికార్డు చేశారా, లేక జ్ఞాపకం నుంచి రాశారా అని అడిగారు. నిజానికి అవన్నీ మా ఇంట్లో మాట్లాడుకునే మాటలే. అవమానంగా అనిపించి ఎనిమిది నెలలు ఆ కవరు మళ్లీ తెరవలేదు. తర్వాత టేప్‌రికార్డరు పట్టుకుని ఏడు ఊళ్లు తిరిగాక, మా ఇంటి రూపాల్లో రెండు మరే ఊళ్లోనూ లేవని తేలింది. ఆ సమీక్షకుడు నాకు చేసిన మేలును ఇప్పటికీ మరచిపోలేదు. ప్రతి వ్యాఖ్యకూ విడిగా జవాబు రాసి, ఏది మార్చామో, ఏది ఏ కారణంతో మార్చలేదో మర్యాదగా చెప్పడం నేర్చుకుంటే ‘మేజర్ రివిజన్’ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి) అన్న మాట చూసి విద్యార్థులు బెదిరిపోరు.

అందువల్ల హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఆంధ్ర, తెలుగు, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయాల శాఖలు ప్రీ పీహెచ్‌డీ కోర్సులో పత్రం సిద్ధం చేయడాన్ని ఒక ప్రత్యేక పేపరుగా పెట్టాలని, దానికి మూడు గంటల పరీక్ష కాకుండా ప్రతి విద్యార్థీ తన సొంత సామగ్రితో ఒక పత్రం సిద్ధం చేసి, తోటి విద్యార్థుల పత్రం ఒకటి సమీక్షించడమే పరీక్షగా ఉంచాలని కోరుతున్నాను. నాటి నా పత్రం మొదటి ప్రతి, సమీక్షకుడి వ్యాఖ్యలు, తిరిగి రాసిన ప్రతి మూడూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. తరగతిలో చూపడానికి ఏ శాఖ అడిగినా పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భాషాశాస్త్ర అధ్యాపకుడు,
అనంతపురం